మైక్రోస్కోపు రిజిస్టరు

ఫోరెన్సిక్ ప్రయోగశాలలో చేతిరాతల విభాగం అసిస్టెంట్ డైరెక్టరుగా రిటైరైన మరుసటి ఏడాది, మిర్చి కోతల రోజుల్లో, దర్శి వైపున్న ఒక కాలేజీకి తనిఖీ బృందంతో వెళ్లాను. వాళ్ల ఫోరెన్సిక్ సైన్స్ డిగ్రీకి గుర్తింపు ఇవ్వవచ్చో లేదో తేల్చడం మా పని. ల్యాబ్ చూసి మార్కులు వేయడం నా వంతు.

ల్యాబ్‌లో కంపారిజన్ మైక్రోస్కోపు ఉంది. రెండు తూటాల మీది గీతలను పక్కపక్కన పెట్టి పోల్చే పరికరం. అది లేకపోతే గుర్తింపు రాదు. దాన్ని ఎవరెప్పుడు వాడారో రాసే రిజిస్టరు అడిగాను. ఏడాది పొడవునా ఎంట్రీలున్నాయి. విద్యార్థుల పేర్లు వేరువేరు, రాసిన చెయ్యి మాత్రం ఒకటే. పెన్నూ ఒకటే. గుండ్రటి అక్షరాలు చివరి పేజీలకొచ్చేసరికి చెయ్యి నొప్పెట్టి వాలిపోయాయి. ముప్పై ఏళ్లు బోనెక్కి ఇలాంటి రాతల గుట్టు విప్పినవాణ్ణి. ఒక్క పూటలో రాసిందని పట్టుకోవడానికి నాకు భూతద్దం కూడా అక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారు నా మొహం చూసి, "ఈసారికి కానివ్వండి సార్. గుర్తింపు రాకపోతే ఈ డిగ్రీ ఎందుకూ కొరగాదు. అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్ల పిల్లలండి" అన్నారు.

పిల్లల మీద జాలిపడ్డానని చాలాకాలం చెప్పుకున్నాను. ఉత్తమాట. పొద్దున్నుంచి వాళ్లు చేసిన మర్యాదలకు మొహమాటపడ్డాను. పాడు మొహమాటం. 'పరికరాలు సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్ల తర్వాత గుంటూరులో ల్యాబ్ సహాయకుల ఎంపికకు నిపుణుడిగా పిలిచారు. మార్టూరు నుంచి సునీత అనే అమ్మాయి వచ్చింది. తండ్రిది రాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని. చదివింది ఆ కాలేజీలోనే. పాఠం గడగడా చెప్పింది. కంపారిజన్ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఫోకస్ చెయ్యమంటే చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండిపోయింది.

కాలేజీలో వాడలేదా అమ్మా అని అడిగాను.

"లేదండి. మీరు తనిఖీకి వచ్చిన రోజు దూరం నుంచి చూశామండి. ఎక్కణ్ణుంచో అద్దెకు తెచ్చిందటండి, మర్నాడే వ్యాన్‌లో తిరిగి పట్టుకెళ్లిపోయారు. ఆ రిజిస్టరు నాచేతే రాయించారు సార్, నా రాత బాగుంటుందని."

నాకు తల తీసేసినట్టయింది. ప్రాక్టికల్‌లో సున్నా వేయక తప్పలేదు. కారణం రాసే గడిలో 'పరికరంతో పరిచయం లేదు' అని రాశాను. ఎవరి పుణ్యమో రాయలేదు. ఆమెకు ఉద్యోగం రాలేదు.

తనిఖీలో పిల్లల పేరు చెప్పి ఎవరైనా సర్దుకుపొమ్మంటే, ముందు ఆ పిల్లల్లో ఒకరిని పిలిచి పరికరం ముందు కూర్చోబెట్టాలి. ఆ రోజు వాళ్లంతా ల్యాబ్ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు. నేను పిలవలేదు.