సోలార్ ప్యానెల్‌కు పూజ

కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, నేవన్ అనే ఊళ్లో మేముంటున్న అద్దె ఇంటి వెనక గడ్డి మీద మా ఆయన ఒక సోలార్ ప్యానెల్ నిలబెట్టాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడు. దాని వైరు తెచ్చి గోడకున్న ప్లగ్గులో పెడితే చాలట, కరెంటు ఇంట్లోకి వచ్చేస్తుందట. ఐర్లండ్‌లో ఎండని నమ్ముకున్నాడు మహానుభావుడు!

నాకు ప్రతిదీ చదివే రోగం ఉంది. చదివాను. ఇక్కడ అలా నేరుగా ప్లగ్గులో పెట్టడానికి వీల్లేదు. రిజిస్టర్ అయిన ఎలక్ట్రీషియన్ వైరింగ్ చేయాలి, కరెంటు లైన్లవాళ్లకు ఫారం పంపాలి. పైగా అద్దె ఇల్లు, ఓనర్ ఒప్పుకోవాలి. ఆ ఓనర్ శనివారం వచ్చి లీజు ఇంకో ఏడాదికి రాయాలి. రాయకపోతే ఆ రోజుల్లో మరో ఇల్లు దొరికే మాటే లేదు.

"ఎండ దేవుడిచ్చిండు, ప్లగ్గు ఓనరిచ్చిండు. నడుమ గవర్నమెంటుకేం పని?" అన్నాడు మా ఆయన.

"లీజు పోతే ఆ ప్యానెల్ కిందనే పండుకుందాం తియ్యి," అన్నాను.

వింటేగా! గురువారం పొద్దున కొత్త బండికి చేసినట్టే దానికీ పూజ చేశాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కొబ్బరికాయ. ప్లగ్గు పెట్టి, దండం పెట్టి, ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. స్టేటస్ పెట్టకపోతే మావాళ్లకు ఏ వస్తువూ కొన్నట్టే కాదు. కాసేపటికి చూస్తే, అది చూసినవాళ్లలో ఓనర్ కూడా ఉన్నాడు.

వెళ్లి ప్లగ్గు పీకేశాను.

శనివారం ఓనర్ మాస్కు పెట్టుకుని వచ్చి, గేటు బయటే రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాడు. చేతిలో లీజు కాగితాలున్నాయి. "ఆ ఫొటోలోది ప్లగ్గులో పెట్టారా?" అని అడిగాడు.

"అంటే, అది మా పూజలో భాగం..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

దేవుణ్ణి అడ్డం పెట్టుకునేసరికి నాకు ఒళ్లు మండింది. "పెట్టాడు. తప్పని చెప్పినా పెట్టాడు. నేనే పీకేశాను," అనేశాను. నా నోటితో నేనే ఇల్లు పోగొట్టానేమోనని భయం వేసింది.

ఓనర్ మా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. కాగితాల చివర పెన్నుతో ఏదో రాసి గోడ మీద పెట్టి వెనక్కి జరిగాడు. "గ్రాండ్," అన్నాడు. ఇక్కడివాళ్లు 'సరే'కి అనే మాట అది. "చదివి సంతకాలు పెట్టండి."

ఏడాది లీజు రాసే ఉంది. కింద ఒక కొత్త షరతు: ఈ ఇంట్లో కొత్తగా ఏది ప్లగ్గులో పెట్టాలన్నా, భర్త ముందుగా భార్య అనుమతి తీసుకోవాలి.

దేశం రూల్సు ఒక్కటీ చదవని మనిషి దాన్ని మాత్రం రెండుసార్లు చదివాడు. ఫోన్ ఛార్జింగ్‌కు కూడానా అని ఓనర్‌ని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతావు? ఆవిణ్ణి అడుగు," అన్నాడు ఓనర్.