తొక్కమని పరచిన ఉలవలు

ఈ ఉదయం బెళుగుప్ప దాటగానే కారు అద్దం దించాను. టైర్ల కింద ఎండిన ఉలవకాయలు పటపటమని పగిలాయి. పొట్టు దుమ్ము ముక్కులోకి ఎగిరి తుమ్ము మీద తుమ్ము. ఈ వాసన తగిలితే చాలు, నాకు సరోజ మేడం గుర్తుకొస్తారు. తనంతట తానే స్టీరింగు తిప్పుకునే కార్లను పరీక్షించే మా బృందానికి ఆమె పెద్ద, నా మొదటి బాస్. సొంతూరు గుమ్మఘట్ట. ఆఫీసులో అందరూ ఇంగ్లీషు ఒలకబోస్తుంటే ఆమె మాత్రం ఊళ్లో మాట్లాడినట్టే మాట్లాడేవారు. కోపమొస్తే కన్నడంలో తిట్టేవారు. చేరిన కొత్తలో ఆమెను చూస్తే నాకు హడల్.

ఆ కారు పని చెప్పడానికి తేలికే. ముందున్న కెమెరా రోడ్డు అంచున తెల్లగీతను చూస్తుంది, కారు దాని వెంట పోతుంది. బ్రేకు మాత్రం మనిషే వేయాలి. స్టీరింగు ముట్టనక్కర్లేకపోయినా, మేడం దానికి వేలెడు దూరంలో రెండు చేతులూ గాల్లో ఉంచి కూర్చునేవారు.

"నొప్పి పుట్టదా మేడం?" అని అడిగానొకసారి.

"పుడతాది పాపా. ఏం చేద్దాం? దీనికి కండ్లుండాయి గానీ బుద్ధి లేదు."

మా వైపు ఉలవ చెట్లు పీకి తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లే నూర్చిపెడతాయి. ఈ సంగతి ఎక్కడో కూర్చుని ప్రోగ్రాము రాసినవాళ్లకు తెలియదు. మాకు పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి, వాళ్లకు చెప్పాలని మేడంకు కూడా తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఇదే రోడ్డు మీద ఎడమ సగమంతా ఉలవ పరిచి ఉంది. తెల్లగీత దాని కింద కప్పుకుపోయింది. కారు పంట అంచునే రోడ్డు అంచనుకుని కుడికి జరిగింది. అటు పక్క ఒక అవ్వ తారు మీదే కూర్చుని చేటతో ఉలవలు చెరుగుతోంది. మేడం స్టీరింగు ఎడమకు లాగి బ్రేకు తొక్కారు. కారు పంటలోకి దూసుకుపోయి ఆగింది.

మేడం దిగి పరుగెత్తారు. అవ్వకు ఏమీ కాలేదు. చేట ఊపుతూ తిట్లు లంకించుకుంది.

"ఏమ్మా, తొక్కమని ఉలవలు ఆడ పరిస్తే, నన్ను తొక్కేదానికి వస్తాండావే! కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

"తప్పయిపోయిందవ్వా. బండి కొత్తది, దానికి తెలీదు."

"బండికి తెలీదు సరే, నీకూ తెలీదా?"

మేడం తల దించుకుని, చెదిరిన ఉలవలు ఎత్తి అవ్వ చేటలో పోశారు.

జరిగింది మేడం రాసి పంపితే, సాయంత్రం కంపెనీ పైవాళ్ల ఫోన్. పంటల కాలం అయిపోయాక ఖాళీ రోడ్డు మీద నడిపి బాగుందని చెప్పేయండి, లేదంటే మీ స్థానంలో ఇంకొకరు వస్తారు అన్నారు.

"బాగలేనిదాన్ని బాగుందని నేను చెప్పను సార్" అని మేడం ఫోన్ పెట్టేశారు. పైవాళ్లు అన్నంత పనీ చేసి, ఆమెను తీసేశారు. వెళ్లిపోయే రోజు నాకు ఏడుపు ఆగలేదు.

"కొంచెం తగ్గి ఉంటే ఉద్యోగం నిలిచేది కదా మేడం!"

"నేను తగ్గితే అవ్వ రోడ్డు మీద కూచోకుండా పోతాదా?" అని విసుక్కుని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ బాధ్యత నాది. ఇవాళ్టి పరీక్షలో కొత్త కారు కూడా పంట చూసి దారి తప్పింది. పైనుంచి అదే మాట వచ్చింది, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి నడపమని. కుదరదన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కాళ్లలో వణుకు ఆగలేదు. మేడంది రాతిగుండె అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. ఆ సాయంత్రం ఆమె కూడా ఇలాగే వణికి ఉంటారు. వణుకుతూనే కాదన్నారు.