యాడికి పోయిందో అడగలేదు

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా రాహేలు వదిన. నిరుడు ఇంటర్ పాసై, గుంటూరులో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి ఎస్తేరుకు మూడు రోజులుగా జ్వరం.

“ఎట్లుందో అడుగుదామని ఫోన్ చేసినా. వేరే పిల్ల ఎత్తి, ‘ఎస్తేరు పోయింది’ అన్నది వదినా. లైను కట్టయింది” అంటూ ఆమె గడపలోనే కూలబడింది. నేను గుండెలు బాదుకుంటూ ఏడ్చినా.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని దిగి ఇంటికి పోతున్న కుమారి, ఎస్తేరుతో కలిసి చదివిన పిల్ల, మా ఏడుపు విని వచ్చింది. “యాడికి పోయిందో అడిగినావా అత్తా?” అంటూ వదిన చేతిలో ఫోను తీసుకుని, మళ్లీ చేసి నాకిచ్చింది.

“పరీక్షకు పోయినానమ్మా. ఫోన్ హాస్టల్లో పెట్టినా, ఇప్పుడే వచ్చినా. ఏంది, ఏడుస్తున్నావు?” అన్నది ఎస్తేరు.

దేవునికి స్తోత్రం. ఇంటర్లో ఎస్తేరు కంటే కుమారికే ఎక్కువ మార్కులు. వాళ్ల నాయన మంచాన పడటంతో చదువు ఆపింది. మీ ప్రార్థనల్లో కుమారిని తలుచుకోండి.