కాయలు ఒలిచే చప్పుడుకు వయొలిన్లు

కాలేజీ పిల్లల ఆర్కెస్ట్రాకు కొత్త స్వరరచన చేయాలి. మొదలు ఎలా ఉండాలో తోచక తల పట్టుకున్నాను. ఈ రోజు సాధనకు మా వయొలిన్ అమ్మాయి రమాదేవి వేరుశనగ కాయల సంచితో వచ్చింది. కోప్పడబోయాను.

“రాత్రి వానకు నేల పదునైంది సార్. నాయన రేపు ఇత్తనమేస్తాడు. మధ్యలో ఈడే ఒలుచుకుంటా,” అంది.

విరామంలో పిల్లలంతా చుట్టూ చేరి ఒలవసాగారు. టప్, టపటప, టప్. నాకు మొదలు దొరికింది! వెంటనే వయొలిన్ తీగలు వేళ్లతో మీటి వినిపించాను.

“బాగుండాది సార్. కానీ దాంట్లో ఎవురూ మాట్లాడుకోలేదే? నోరు మూసుకోని చెనిక్కాయలు యాడ ఒలుస్తారు?” అంది రమాదేవి, చేయి ఆపకుండానే.

ఏం చెవి ఈ పిల్లది! ఇప్పుడు కూర్చుని రెండో వయొలిన్‌కు కబుర్లు రాస్తున్నాను. మీ ఇంట్లో కాయలు ఒలిచేటప్పుడు ముందు ఎవరి మాట ఎత్తేవాళ్లో చెప్పండి.