పది సెంటీమీటర్ల పగ

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కుడిచేతి మీద, పదిహేనేళ్లు ఆ చేతిలో ఆడిన సుత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను. నా మాట నమ్మనివాళ్లు ఉన్నారని నాకు తెలుసు. వాళ్లలో మొదటివాడి గురించే ఇదంతా.

కరోనా తగ్గి విమానాలు మళ్లీ మామూలుగా తిరుగుతున్న రోజులు. స్లాబుల కింద చెక్క కొట్టే షట్టరింగ్ పని మానేసి, దుబాయ్ అవతల ఫుజైరా కొండల పక్కన, నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్ తోటలో మరమ్మతులు చూసుకునేవాణ్ణి. తోట మేనేజరును ముదీర్ అనేవాళ్లం. తెలుగువాడే, నెల్లూరు వైపు. నాకంటే పదేళ్లు చిన్న. ఊళ్లో నా ఇంటికి స్లాబ్ వేసే రోజు దగ్గరపడింది. పరాయివాళ్ల కప్పులన్నిటికీ చెక్క కొట్టినవాణ్ణి, నా కప్పుకు నేనే కొట్టుకోవాలని ఛుట్టీకి, అంటే సెలవుకు, కాగితం పెట్టాను. ముదీర్ దాన్ని భోజనాల దగ్గర అందరి ముందూ చదివాడు.

“ఏందిరా, ఇల్లా? నీ కతల్లో కట్టినావా?”

“నిజంగనే సార్. పిల్లర్లు లేసినయి. ఫోన్ల ఫొటో చూపిస్త.”

“ఖోర్ ఫక్కాన్‌లో తిమింగలం సలాం కొట్టిందని చెప్పినోడివి నువ్వే గదరా! పో, అన్నం తిను.”

అందరూ నవ్వారు. తిమింగలం సంగతి కూడా నిజమే, కానీ అది ఇప్పుడు వద్దు. కాగితం మడిచి సొరుగులో పడేసి ధడేల్మని మూశాడు. ఆ చప్పుడు నా చెవిలోనే ఉండిపోయింది. ఆ సొరుగు మళ్లీ వాడి చేత్తోనే తెరిపించాలి అనుకున్నాను.

వాడికో రోగముంది. ఎవరు చేసిన పనైనా కఫీల్ ముందు “నేనే చేశా” అంటాడు. నేను బాగుచేసిన మోటారు, నేను కట్టిన మేకల దొడ్డి, అన్నీ వాడి ఘనతే. వాణ్ణి ఆ రోగంతోనే చంపాలి.

కఫీల్‌కు మట్టి బిళ్లలు గాల్లోకి ఎగరేయించి కాల్చడం సరదా. లైసెన్సుంది. భుజానికి ఆపరేషన్ అయ్యాక పాత జోడు గొట్టాల తుపాకీ దెబ్బకు ఓర్చుకోలేక, సెమీ ఆటోమేటిక్ కావాలన్నాడు. అది తనంతట తానే మళ్లీ నింపుకుంటుంది, తన్నడమూ తక్కువ. మనిషి పొట్టి, చేతులూ పొట్టి, కాబట్టి చిన్నదై ఉండాలి. కఫీల్ వాళ్ల అన్న తన రెండు తుపాకుల్లో ఒకటి తీసుకోమన్నాడు. రెండూ దుబాయ్‌లో లైసెన్సున్న షాపులో ఉన్నాయి. గొట్టం పొడవు చట్టం పెట్టిన హద్దుకు తగ్గితే ఆ తుపాకీ కఫీల్ పేరు మీదికి మారదు.

కఫీల్, ముదీర్, నేను ముగ్గురం వెళ్లాం. ఖాళీ తుపాకులు బల్ల మీద పెట్టించి, షాపాయన ఎలా కొలవాలో చెప్పాడు: బోల్టు మూసి, గొట్టంలో పుల్ల తగిలేదాకా దూర్చి, గుర్తు పెట్టి, ఆ పుల్లను కొలవాలి. తర్వాత ఆయనా కఫీలూ లోపలి గదిలో ఖహ్వా, అదే అరబ్బు కాఫీ, తాగుతూ కూర్చున్నారు.

“కొలువురా, టేపుంది గదా,” అన్నాడు ముదీర్, పొట్టిదాన్ని చూపించి.

షట్టరింగ్‌వాళ్ల టేపు సంగతి చెప్పాలి. సైటులో దాని కొస కొక్కెం వంగి అరిగిపోతుంది. అందుకని సున్నా నుంచి కొలవం. పది దగ్గర పెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి పది తీసేస్తాం. ఆ రోజు పది దగ్గరే పెట్టాను. వచ్చింది చెప్పాను. పది మాత్రం తియ్యలేదు.

“హద్దు దాటిందా?”

“మస్తుగ దాటింది సార్.”

ముదీర్ ఆ తుపాకీ పట్టుకుని లోపలికి వెళ్లాడు. “బాబా, మైనే ఖుద్ నాపా,” అన్నాడు కఫీల్‌తో. తానే స్వయంగా కొలిచాడట!

షాపాయన గొట్టాన్ని చూశాడు, ముదీర్‌ని చూశాడు. పుల్ల దూర్చి, తీసి, ఇనుప స్కేలు పక్కన పెట్టాడు. నేను చెప్పినదానికి సరిగ్గా పది సెంటీమీటర్లు తక్కువ. చట్టం హద్దుకు కూడా బాగా తక్కువే.

“నాపా కౌన్?” కొలిచిందెవరని అడిగాడు కఫీల్, చిన్నగా.

ముదీర్ నావైపు చూశాడు. నేను పైకి చూస్తూ ఆ షాపు కప్పులో చెక్క అతుకుల గుర్తులు లెక్కపెడుతున్నాను. వాడు తానన్న మాట వెనక్కి తీసుకోలేడు. వాడి చెవులు ఎర్రబడటం చూస్తుంటే కడుపు నిండింది.

“గల్తీ హో గయా, బాబా,” అని తప్పు ఒప్పుకున్నాడు.

“పోలీసుల ముందు నా పరువు పోయేది,” అని కఫీల్ నావైపు తిరిగాడు. “మిస్త్రీ, తూ బోల్, ఏది తీసుకోను?”

రెండోదాన్ని చూపించాను. దాని గొట్టం పొడవు చట్టానికి సరిపోతుంది. పొట్టి కావాల్సింది గొట్టం కాదు, భుజానికి ఆనే మడమ. మడమకూ రబ్బరుకూ మధ్య పలక ఉంది, రెండు మరలు విప్పితే వస్తుంది. షాపాయన విప్పాడు. కఫీల్ భుజానికి ఎత్తితే చెంప దానంతటదే కుదురుకుంది.

“ఖలాస్! ఇదే. నీకేం కావాలి?”

“ఛుట్టీ, బాబా. కాగితం ముదీర్ సార్ సొరుగులో ఉంది.”

మర్నాడు వాడే సొరుగు తెరిచాడు. వాడే సంతకం పెట్టించి తెచ్చాడు. భోజనాల దగ్గర “నేనే ఇప్పించినా” అని కూడా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. నా స్లాబ్‌కు నేనే చెక్క కొట్టాను.

ఇక ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. కల్పించింది ఒక్కటే: కావాలనే ఆ పది తియ్యలేదన్నట్టు చెప్పడం. నిజానికి మరిచిపోయాను. బుర్రంతా నా కప్పు మీదే ఉంది. షాపాయన స్కేలు పెట్టేదాకా నాకూ తెలియదు. కప్పులో అతుకులు లెక్కపెట్టింది ధీమాతో కాదు, వాడి కళ్లలోకి చూడలేక. వాడు “వీడు కొలిచాడు” అని ఉంటే ఛుట్టీ కాదు, నా ఉద్యోగమే పోయేది.

వాడికి ఇది చెప్పను. నేను పగబట్టి చేశాననే అనుకుంటూ, నా టేపు కనిపించినప్పుడల్లా వాడు పక్కకి తప్పుకోవాలి.