ఒంటిగంటకు రెండో ఫోన్

దయ్యం అన్న మాటలో యకు యవత్తు ఎలా ఇవ్వాలో పిల్లలకు నేర్పడమే తప్ప, దాన్ని నమ్మిన మనిషిని కాను నేను. ఎవరైనా చూశామని చెబితే ఎన్నింటికి, ఎక్కడ, అప్పుడు లైటుందా లేదా అని అడిగి నోరు మూయించేదాన్ని. అందుకే ఇది కూడా ఎన్నింటికి, ఎక్కడ అన్నది తప్పకుండా చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మా వైపు అక్కను అప్ప అంటారు. మా అప్ప పేరు విమల, నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఇద్దరమూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. ఎందుకంటే అదో పెద్ద రామాయణం, ఇక్కడ అనవసరం. ఒడిశాలో బరంపురం బజారు వెనక ఒకే అద్దె ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఇద్దరమే ఉన్నాం. అప్ప పట్టుచీరల కొట్టులో పనిచేసేది. నేను తెలుగు మీడియం బడిలో టీచర్ని. పిల్లలు రాక ఆ బడి మూతపడ్డాక ఫోన్‌లో తెలుగు నేర్పడం మొదలుపెట్టాను. భువనేశ్వర్, రూర్కెలా వైపు వెళ్ళి స్థిరపడిన మనవాళ్ళ పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ళ క్లాసులే నాకు జీవనాధారం.

పోయిన వేసవిలో అప్ప కొట్టులోనే కుప్పకూలింది. గుండె అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో దాని చెప్పులు కంటపడితే చాలు, నాకు ముద్ద దిగేది కాదు. ఏడాది తిరిగి సంవత్సరీకం పెట్టగానే ఇల్లు ఖాళీ చేసి, ఊరి చివర అంకులిలో మేడ మీద చిన్న వాటా తీసుకున్నాను.

కింద ఇంటివాళ్ళు, ఆవిడా ఆయనా ఇద్దరే. పక్కన ఖాళీ స్థలం, వెనక ఖాళీ స్థలం. క్లాసులో పిల్లలతో తప్ప మరో మనిషితో మాట లేకుండానే పొద్దుపోయేది. ఒక్కదానికి వండుకోవడమంత విసుగు ఇంకొకటి ఉండదు. చారు పెట్టుకోవడానికి కూడా బద్ధకించి పెరుగన్నంతో సరిపెట్టుకున్న రోజులే ఎక్కువ.

అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. అందుకని ఇంటికి నెట్ పెట్టించుకున్నాను. వైరు లాగడానికి వచ్చినతను ఒడియా మనిషి, నలభై దాటినవాడు, తెలుగు బాగానే వచ్చు. కిటికీ చట్రానికి బెజ్జం వేసి, ఫ్రిజ్ మీద తెల్ల రౌటర్ పెట్టి, పచ్చ లైటు వెలిగాక తన ఫోన్ తీసి అడిగాడు.

"మాడం, పాస్‌వర్డ్ సెప్పండి. ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదు. మీకు మరుపు రానిది పెట్టండి."

నాకు మరుపు రానిది ఒకటే ఉంది. "విమలప్ప" అన్నాను. అతను ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టాడు. తీరా చూస్తే మొదటి అక్షరం వి కాదు, బి. ఒడియావాళ్ళ నోట విమల బిమల అవుతుంది. అప్ప బడి సర్టిఫికెట్‌లోనూ మేస్టరు బిమల అనే రాశాడు, చచ్చేదాకా కాగితాల్లో అది బిమలే. "మాకయితే ఇదే కరెక్టు మాడం" అని అతను నవ్వాడు. సర్లెమ్మని ఊరుకున్నాను.

కానీ టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? అక్షరం తప్పు కనబడితే నిద్రపట్టదు నాకు. రెండు రోజులాగి, రౌటర్ అడుగున అంటించిన చీటీ మీది అంకెలు ఫోన్‌లో కొట్టి, చీటీలో ఉన్న పేరూ పాస్‌వర్డూ ఇచ్చి లోపలికి వెళ్ళాను. దానికంటూ ఒక పేజీ ఉంది. పేరు మార్చుకోవచ్చు, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, ఎవరెవరి ఫోన్లు కలిశాయో చూడొచ్చు. అక్కడ 'కలిసి ఉన్నవి: 1' అని ఉంది. ఆ ఒకటి చూసి మనసు చివుక్కుమంది. ఒక్కదాన్నే కదా మరి, యంత్రం అబద్ధమాడుతుందా?

బి తీసేసి వి పెట్టాను. సేవ్ నొక్కాను. నా ఫోన్ తెగిపోయింది, అది మామూలే. కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. మళ్ళీ కొట్టాను. తప్పే. పాతది, బితో కొట్టాను. అదీ తప్పే. క్లాసుకు పావుగంట ఉంది. చెమటలు పట్టి, "ఓలమ్మ, ఇమలప్పా, ఏటే నాకీ కర్మ!" అని గట్టిగా అనేశాను.

అన్నాక నా మాటే నాకు వినబడింది. మా ఇంట్లో విమల అన్న మనిషే లేదు. అమ్మ ఇమలా అనేది, నేను ఇమలప్పా అనేదాన్ని. వి ఎగిరిపోవడం మా నోళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చివరికి విసిగి, మొదటి అక్షరం వదిలేసి ఇమలప్ప అని కొట్టాను. కలిసింది. లెక్కపెడితే సరిగ్గా ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు.

నాలో నేనే నవ్వుకున్నాను. వకారం మింగకండర్రా అని పిల్లల్ని తిట్టేదాన్ని, నా వేలే మింగేసింది. వి కొట్టానని నాకు బాగా గుర్తు. అయినా పొరపాటే అయ్యుంటుంది, కాదనను.

మర్నాడు మధ్యాహ్నం క్లాసులో పిల్లలకు రాతపని ఇచ్చి, ఊరికే ఆ పేజీ తెరిచాను. 'కలిసి ఉన్నవి: 2'. మొదటిది నా ఫోన్. రెండోదానికి పేరు లేదు. అప్పుడు టైము ఒంటిగంటా పది. రెండు కావడానికి పన్నెండు నిమిషాలున్నాయనగా అది పోయింది. తర్వాతి రోజూ అంతే. వారం రోజులు కాగితం మీద రాసుకున్నాను. నిమిషం అటూ ఇటూ తప్ప తేడా లేదు.

మొదట అనుమానించింది ఇంటివాళ్ళని. "పిన్నీ, మీ దగ్గర పెద్ద ఫోన్ ఉందా?" అని అడిగాను.

"ఏటమ్మా నీ ఎటకారం!" అందావిడ. "పచ్చ బొత్తం నొక్కితే మాటొస్తాది, ఎర్ర బొత్తం నొక్కితే పోతాది. మీ బాబాయికీ నాకూ అంతకు మించి ఏటి తెలుసు?"

అబద్ధం కాదు, ఆ ఫోన్ నేను చూశాను. నా ఫోన్ పట్టుకుని మెట్లు దిగితే గేటు దగ్గరకు చేరేసరికే నెట్ పోతోంది. ఆ ఎండలో ఒంటిగంటకు వీధిలో కుక్క కూడా ఉండదు. ఇక మిగిలింది అప్ప ఫోన్. అప్ప కొట్టులో పడిపోయినప్పుడు ఆ ఫోన్ కూడా పగిలింది. మూడు దుకాణాల్లో చూపిస్తే బోర్డే పోయిందన్నారు. బీరువాలోంచి తీసి చూశాను. నల్లగా, చల్లగా ఉంది. ఛార్జింగ్ పెట్టినా ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు పరీక్ష పెట్టాను. ఒక్కో అక్షరం పైకి చదువుతూ పాస్‌వర్డ్‌ను విమలప్పగా మార్చాను. ఈసారి సరిగా పడింది. ఐదు రోజులు ఒకటే ఉంది. బిమలప్ప అని మార్చాను. మూడు రోజులు ఒకటే. ఆ ఎనిమిది రోజులూ ఇల్లు నన్ను తినేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండో అంకె కోసం ఏడ్చాను. తొమ్మిదో రోజు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఇమలప్ప చేశాను. ఒంటిగంటా పదికి రెండు.

ఈలోగా నా క్లాసు కుంటుపడింది. ఒంటిగంట బ్యాచ్‌లో బొమ్మ ఆగిపోవడం, నా గొంతు తెగిపోవడం. ఇలాగైతే మానిపించేస్తామని తల్లిదండ్రులు మెసేజ్‌లు పెట్టారు. వేసవి సెలవుల బ్యాచే నాకు ఏడాది తిండి. భయపడి నెట్ అతన్ని పిలిచాను. అతను ఆ వేళకే వచ్చి, తన ఫోన్‌లో పేజీ తెరిచి చూశాడు.

"ఎవడో మీ నెట్ తాగేస్తన్నాడు మాడం. ఈ లాగుడు సూస్తే అన్నీ ఈడియోలే. ఇదిగో బ్లాక్ అని ఉంది సూడండి. నొక్కీండి, ఇంక ఈ జన్మలో రాడు."

ఫోన్ నా చేతికిచ్చాడు. ఎర్ర అక్షరాలు. నా వేలు కదల్లేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అప్ప తన ఫోన్‌లో ఎప్పుడూ డేటా వేయించుకునేది కాదు. కొట్టునుంచి ఒంటిగంటా పదికి వచ్చి, కంచం ముందేసుకుని, "సిన్నీ, ఆట్‌స్పాట్ ఏయే" అనేది. రెండయ్యేలోపు మళ్ళీ కొట్టుకు బయల్దేరేదాకా, చారన్నం తింటూ ఫోన్‌లో ఎవరో వండుతున్న బిర్యానీ చూసేది. అది దాని సరదా. నేను రోజూ సణిగేదాన్ని.

ఆ చివరి రోజు నా క్లాసు ఆగిపోతోంది. చెప్పాపెట్టకుండా హాట్‌స్పాట్ కట్టేశాను. అప్ప ఫోన్‌లో చక్రం తిరగడం చూసింది, నన్ను చూసింది. "పోన్లేయే, నీ పిల్లలు సదూకోనీ" అని సగం అన్నం వదిలేసి చెయ్యి కడిగేసుకుంది. మళ్ళీ పెట్టనా అని కూడా నేను అడగలేదు. మూడు గంటలకు కొట్టునుంచి ఫోన్ వచ్చింది.

"నొక్కీండి మాడం" అన్నాడతను మళ్ళీ.

"వద్దు బాబూ, ఉండనీ" అన్నాను.

"మరి క్లాసో?"

"క్లాసే మార్చుకుంటాను."

అతను నన్ను ఎగాదిగా చూసి, సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఒంటిగంట బ్యాచ్‌ని రెండున్నరకు మార్చాను. ఇద్దరు పిల్లలు మానేశారు, మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. అదే పని పోయిన ఏడాది చేసి ఉండొచ్చు. ఎవరు కాదన్నారు నన్ను?

అది రౌటర్ లోపమే కావచ్చు, నా చాదస్తమే కావచ్చు. మరి ఆ టైము ఏమిటి, ఆ ఒక్క పాస్‌వర్డ్‌కే కలవడం ఏమిటి అంటే, నేను రాసుకున్న కాగితం చూపిస్తాను, అంతే. ఇంట్లో ఏ చప్పుడూ లేదు, ఏ నీడా లేదు. ఉన్నది అంకె ఒక్కటే. ఇప్పుడు రోజూ ఒంటిగంటకు చారు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆ పేజీ తెరవడం కూడా మానేశాను. ఎవరైనా కానీ, తిన్నంతసేపూ చూసుకోనీ.