వక్కిలేరు ఒడ్డున పట్టిన తాడు

నంద్యాల స్టేషన్‌లో దిగేసరికి ఉదయం అయిదూ పది. వాన. మేం నలభై ఇద్దరం. ఆరు పడవలు, ఆరు ఇంజన్లు, తాళ్ల చుట్టలు. మాది సైన్యంలో ఇంజనీర్ల దళం. వంతెనలు వేయడం, వరదలో చిక్కుకున్న జనాన్ని దాటించడం మా పని. డెబ్బైల చివరి మాట ఇది. కుందూ పొంగి రోడ్డు మీదికి వచ్చింది.

ఏడింటికి ఆర్డరు వచ్చింది. మూడో పడవ ఆళ్లగడ్డకు. ఆ పడవకు నాయకుణ్ని నేను. ఆళ్లగడ్డ నా సొంతూరు.

సొంత ఊరికి డ్యూటీ మీద పోవడం ఏ జవానుకైనా పండగే. నాకు మాత్రం కాదు. కారణం చెప్తాను.

అంతకు రెండేళ్ల ముందు అస్సాంలో ఇలాంటి డ్యూటీలోనే ఉన్నాను. ఒడ్డు మీద నిలబడి పడవ తాడు పట్టుకోవడం నా వంతు. ఒక పెద్ద మాను కొట్టుకొచ్చింది. తాడు నన్ను నీళ్లలోకి లాగింది. భయపడి వదిలేశాను. పడవ తిరగబడింది. మా ఇంజన్ డ్రైవర్ కాలు మానుకూ పడవకూ మధ్య నలిగింది. మోకాలి కింద తీసేశారు. విచారణలో అడిగితే, తడి తాడు జారిపోయిందని చెప్పాను. నమ్మారు. ఆర్నెల్లకు నా చొక్కా చేతికి ప్రమోషన్ ఫీత కూడా వచ్చింది.

ఆనాటి నుంచి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. ఆ వేళకు లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ని. ప్రార్థనకు మోకరిస్తే నోరు పెగిలేది కాదు.

శిరివెళ్ల దాటాక రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ట్రక్కు నత్తలా నడిచింది. ఆళ్లగడ్డ చేరేసరికి పదకొండు. వక్కిలేరు పొలాలన్నీ మింగి, పల్లపు వీధులను ఊరి నుంచి విడగొట్టింది. అవతల బడి మిద్దె మీద అరవై మూడు మంది. ఇవతల మెరక మీద చర్చి. అందులో తలదాచుకున్న వాళ్లలో మా అమ్మ ఉంది.

నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. ముఖం తడిమింది.

"ఏంరా, మొగం అట్ల పెట్టినావ్? జొరమొచ్చిందా?"

రెండేళ్లు దాచింది ఒక్క నిమిషంలో చెప్పేశాను. నిలబడే విన్నది. ఏడవలేదు.

"దేవునికి చెప్పినావా?"

"ఏ మొగం పెట్టుకోని చెప్పేది మా?"

"ఆయప్పకు ఎప్పుడో తెల్సులే. నువ్వు నోరు తెరుస్తావని కాసుకోనుండాడు. ఆయన్ని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యునికే కదరా, మళ్లా పని చెప్పింది? పో. మీ ఆఫీసరుకు చెప్పు. ఆడ చెప్పకుండా ఈడ ఏడిస్తే ఏం లాభం?"

మా సుబేదార్ గఢ్వాల్ వాడు. తక్కువ మాటల మనిషి. ఒడ్డు మీద కరెంటు స్తంభానికి తాడు చుట్టిస్తున్నాడు. ఎదురుగా నిలబడి హిందీలో చెప్పాను.

"సాబ్, అస్సాంలో తాడు జారలేదు. నేనే వదిలేశాను. భయపడ్డాను. తర్వాత అబద్ధం చెప్పాను."

తాడు చుట్టడం ఆపించాడు.

"రాసి సంతకం పెడతావా?"

"పెడతాను సాబ్."

"అది రెజిమెంట్‌లో. ఇప్పుడు ఒడ్డు తాడు ఎవరు పడతారు?"

"నేను" అన్నాను.

"పట్టు."

పన్నెండూ ఇరవైకి మా జవాన్లిద్దరితో పడవ బయల్దేరింది. నా ప్రార్థన పొడుగైనదేం కాదు. ప్రభువా, నాకు ధైర్యం లేదు, నీదే ఇవ్వు. రెండేళ్ల తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అది.

మూడు విడతలు బాగానే నడిచింది. నాలుగో విడతలో వరిగడ్డి చుట్టుకుని ఇంజన్ ఆగింది. వైర్లెస్ పలికింది.

"ఒడ్డు, ఒడ్డు. ఇంజన్ పోయింది. పదిహేను మంది ఉన్నాం. ఓవర్."

సుబేదార్ నా వైపు చూసి జవాబిచ్చాడు. "తాడు మీద లాగుతాం. కదలకుండా కూర్చోండి. ఓవర్."

అప్పుడే ఎగువ నుంచి ఒక కొట్టం పైకప్పు మొత్తంగా కొట్టుకొచ్చింది. తాడుకు తగిలింది. స్తంభం కిర్రుమంది. నా అరచేతుల్లో తాడు నిప్పులా జారింది. కాళ్లు బురదలో నీళ్ల వైపు గీరుకుంటూ పోయాయి. అదే భయం. అస్సాంలో వచ్చిందే. అది పోలేదు. అయినా ఈసారి వేళ్లు విప్పలేదు. వెనక మా అమ్మ గొంతెత్తి ప్రార్థన చేస్తోంది. ఎవరో నా నడుం పట్టుకున్నారు. ఆయన నడుం ఇంకొకరు. చర్చిలో ఉన్న మగవాళ్లంతా ఒకరి వెనక ఒకరు బురదలో కూర్చుని లాగారు. పైకప్పు మెల్లగా తిరిగి, తాడు వదిలి, దిగువకు పోయింది. పడవ ఒడ్డుకు చేరాక గడ్డి పీకి, ఇంజన్ మళ్లీ నడిపించి, మిగిలిన వాళ్లనూ దాటించాం.

సాయంత్రం నాలుగున్నరకు లెక్క చూశాం. అరవై మూడు. ఒక్కరూ తగ్గలేదు. చర్చి గంట ఎవరు కొట్టారో గానీ చాలాసేపు మోగింది.

రెజిమెంట్‌లో రాసి సంతకం పెట్టాను. ఫీత తీసేశారు. వారం పాటు వంటశాలలో గిన్నెలు తోమాను. పాడుకుంటూ తోమాను. అస్సాంలో కాలు పోయిన ఇంజన్ డ్రైవర్‌కు ఉత్తరం రాశాను. నెలకు జవాబు వచ్చింది. "నీ చేతులు విప్పుకోవడం నేను ఆ రోజే చూశాను. నువ్వే చెప్తావని ఎదురుచూశాను. ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది. నీకూ పట్టాలి."

మరుసటి వేసవి సెలవుకు ఆళ్లగడ్డ వచ్చాను. ఆదివారం అమ్మ పక్కనే మోకరించి రొట్టె తీసుకున్నాను. బయటికి లేచిపోలేదు.

ఎనభైల నడిమిలో రిటైరై ఇక్కడే స్థిరపడ్డాను. చాలా మరిచిపోయాను. ఒకటి మాత్రం కళ్లముందు నుంచి కదలదు. ఆ రోజు చివరి పడవలో ఒక ముసలి దర్జీ వచ్చాడు, ముస్లిం పెద్దాయన, కుట్టు మిషను పైభాగాన్ని ఒడిలో పెట్టుకుని. ఒడ్డు దిగాడు. మిషను బురదలో పెట్టాడు. తోలు లేచిన నా అరచేతులు చూశాడు. తలకు చుట్టుకున్న తెల్లగుడ్డ విప్పి, పళ్లతో కొరికి రెండుగా చించాడు.

"చాపు బేటా" అన్నాడు.

వానలో ఆయన బట్టతల తడిసిపోతోంది. సూది పోట్లతో గట్టిపడిన ఆ వేళ్లు ఒక్కొక్క చుట్టే చుట్టి, నొప్పి తెలియకుండా ముడి వేస్తున్నాయి.